కడుపులో పెట్టుకున్న భయం

పని చేసే చోట అతన్ని అందరూ గద్ద అంటారు. పొద్దున్నే క్రేను స్తంభం లోపలి నిచ్చెన పట్టుకుని పైకెక్కి, ఇంకా కట్టని అంతస్తులకంటే ఎత్తున, చిన్న అద్దాల గదిలో కూర్చుంటాడు. సాయంత్రం పని ఆపేదాకా దిగడు. ఎవడు ఏం మోస్తున్నాడో, ఎవడు గోడ చాటున సిగరెట్టు కాలుస్తున్నాడో అన్నీ అతనికి కనిపిస్తాయి. అందుకే ఆ పేరు. పిలిచేవాళ్ళకి సరదా, పిలిపించుకునేవాడికి కాస్త గొప్ప.

భార్య మాత్రం ఆ గొప్ప ఒప్పుకోదు. "గద్దకి ఆకలేస్తే దిగొచ్చి తింటుంది. మీకు ఆ తెలివి కూడా లేదు," అంటుంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ గదిలో ఒక కుర్చీ, దానికి చెరో పక్కన ఒక లివరు, తల దగ్గర వైర్‌లెస్ సెట్టు, అంతే. నీళ్ళు తాగితే దిగాల్సొస్తుంది. దిగితే మళ్ళీ ఎక్కాలి. ఈలోపు కింద కాంక్రీటు గట్టిపడుతుంది, ఊచలు కట్టేవాళ్ళు చేతులు ముడుచుక్కూర్చుంటారు, సూపర్‌వైజరు గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అందుకని ఏళ్ళ తరబడి అతనిది ఒకటే పద్ధతి. పొద్దున్న టీ, దాంతో రెండు బిస్కెట్లు. పగలంతా నోరు కట్టేసుకోవడం. సాయంత్రం దిగాక మలుపులో బండి దగ్గర నూనెలో వేయించినవేవో పొట్లం కట్టించుకుని నడుస్తూ తినడం, ఇంటికెళ్ళి మళ్ళీ పీకలదాకా భోంచేసి పడుకోవడం. వయసులో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు నోరు మూసుకుని మోసింది. నలభై దాటాక మొరాయించింది.

ముందు మొదలైంది మెడ నొప్పి. రోజంతా కాళ్ళ కిందున్న అద్దంలోంచి కిందకే చూస్తుంటే మెడ నిలబడుతుందా? మందుల షాపతను ఏదో బిళ్ళ ఇచ్చాడు. అమృతంలా పనిచేసింది. అప్పటినుంచి పొద్దున టీతోపాటు ఒక బిళ్ళ, పైకెక్కాక లాగుతుంటే ఇంకొకటి. ఖాళీ కడుపు మీద బిళ్ళ పడి, లోపల ఏం చేస్తోందో ఎవరు చూడొచ్చారు?

తర్వాత కడుపులో మంట. రొమ్ము ఎముక కింద ఎవరో నిప్పు కణిక పెట్టి ఊదుతున్నట్టుండేది. తింటే కాసేపు తగ్గి మళ్ళీ లేచేది. "గ్యాసు," అనుకున్నాడు. లోకంలో సగం రోగాలకి మనం పెట్టుకున్న ముద్దుపేరు అదే కదా.

కానీ ఒకరోజు పొద్దున స్నానాలగదిలో చూసుకున్న సంగతికి మాత్రం ముద్దుపేరు దొరకలేదు. విరేచనం తారులా నల్లగా అయింది. అతను గోడ పట్టుకుని నిలబడిపోయాడు. గబగబా బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు, ఆనవాళ్ళు పోగొట్టాలన్నట్టుగా. బయటికొచ్చి, "టీ చల్లారిపోతోంది," అని భార్య అంటే, "వేడిగా ఎవడు తాగుతాడు," అని కసిరాడు.

అతని భయానికి వేరు చాలా లోతున ఉంది. తండ్రి పోయినప్పుడు అతను మూడో తరగతి. కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయిన మనిషి, పళ్ళబిగువున మూలిగిన మూలుగు, అంతవరకే గుర్తు. ఆ తర్వాత ఇంటినిండా జనం. ఆ జనంలో ఎవరో, "కడుపులో గడ్డటమ్మా. వాళ్ళ వంశంలోనే ఉందట," అన్నారు. ఆ మాట పిల్లాడి చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. వాడితోపాటు పెరిగింది. పెళ్ళి చేసుకుంది, పిల్లని కంది. ఇప్పుడు స్నానాలగదిలో ఎదురుపడి, "వచ్చాను," అంది.

ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికెళితే ఆ పేరు పైకి అంటారు. అనకపోతే అది లేనట్టే కదా! అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతాన్ని అతను ఇంట్లో కూర్చోబెట్టి మేపాడు. తను మాత్రం తినడం తగ్గించాడు.

"ఏంటండీ, మళ్ళీ ఆ పిడికెడు మెతుకులేనా?"

"లంఖణం పరమౌషధం అన్నారు పెద్దవాళ్ళు."

"జ్వరమొస్తే అన్నారు. మీకేమొచ్చింది?"

ఆ ప్రశ్నకి కంచం ముందునుంచి లేచిపోయేవాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకి కొత్త బెజ్జం పొడిచాడు. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్ళు బైర్లు. మామూలుగా కూతురితో పరాచికాలాడే మనిషి, ఆ పిల్ల గట్టిగా నవ్వినా విసుక్కునేవాడు. ఆ పిల్ల చదువు, పెళ్ళి, తను లేని ఇల్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళముందుకొచ్చేవి. ఆ బెంగకి కడుపు ఇంకా బిగుసుకునేది. బిగుసుకున్నకొద్దీ, చూశావా ముదురుతోంది, అని బెంగ ఇంకా పెరిగేది. గానుగెద్దులా ఎటు తిరిగినా అక్కడికే వచ్చేవాడు.

ఇలా ఉండగా ఓ మధ్యాహ్నం జరిగింది అసలు సంగతి.

కింద లారీలోంచి ఇనుప ఊచల కట్ట లేపి పైఅంతస్తు మీద దించాలి. కిందనుంచి సైగలిచ్చేది బాబాయ్. అసలు బంధుత్వం ఎవరితోనూ లేదు, సైటంతటికీ ఆయన బాబాయే. మోకాళ్ళ నొప్పులు, నోటినిండా వెటకారం. వైర్‌లెస్‌లో ఆయన గొంతు వినకుండా గద్ద ఒక్క ఇటుక కూడా కదల్చడు.

"లేపరా... లేపు... కొంచెం ఎడమకి. నీ ఎడమ కాదు, నా ఎడమ. ఆఁ, అదీ."

ఊచల కట్ట గాల్లోకి లేచింది. అంతస్తు మీద ఏడెనిమిది మంది దాన్ని అందుకోడానికి తలలెత్తి చూస్తున్నారు. సరిగ్గా అప్పుడు అతని కడుపులో ఎవరో తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పింది. ఒళ్ళంతా చల్లటి చెమట. గుండె గొంతులోకొచ్చి కొట్టుకోవడం మొదలెట్టింది. అద్దాలు, ఆకాశం, ఊచలు, అన్నీ అంచులనుంచి నల్లబడుతూ వస్తున్నాయి. లివరు మీది చెయ్యి జారింది. చెయ్యి తీస్తే యంత్రం దానంతటదే ఆగుతుంది, నిజమే. కానీ గాలి ఆగదుగా. మనుషుల నెత్తిమీద ఊచల కట్ట అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది.

"ఆపావేంట్రా?" బాబాయ్ గొంతు. "ఒరేయ్... వినపడుతోందా?"

మాట్లాడదామంటే నాలుక పిడచకట్టుకుపోయింది. నేను పోతున్నాను, అనుకున్నాడు. నేను పోతే పోయాను, ఆ కింద ఉన్నవాళ్ళు... అక్కడితో ఆలోచన తెగిపోయింది.

"అందరూ పక్కకి పోండి! ఆ కట్ట కిందనుంచి పోండి!" అని బాబాయ్ కేకలు. మనుషులు చెల్లాచెదురుగా పరుగెత్తడం మసకమసగ్గా కనిపించింది. ఆ తర్వాత వైర్‌లెస్‌లో వచ్చిన గొంతులో వెటకారం లేదు. జ్వరం పిల్లాడితో మాట్లాడినట్టు నెమ్మదిగా ఉంది.

"అబ్బాయ్, కింద ఎవరూ లేరు. ఖాళీ. తొందరేం లేదు. ముందు ఊపిరి వదులు. పీల్చడం తర్వాత, ముందు వదులు. ఆఁ. ఇంకోసారి. ఇప్పుడు ఎడంచెయ్యి లివరు మీద పెట్టు. పెట్టావా? వేళ్ళు వణికితే వణకనీ, పెట్టుంచు. మెల్లిగా తిప్పుకుందాం. ఇసక గుట్ట పక్కన జాగా ఉంది చూడు. అక్కడ పడేద్దాం దాన్ని."

ఎంతసేపు పట్టిందో అతనికి తెలీదు. ఊచల కట్ట నేలకి ఆనిన చప్పుడు పైదాకా వినిపించింది. అప్పుడు ఏడుపొచ్చింది.

దిగడం ఇంకో నరకం. ప్రతి మెట్టుకీ కాలు తడుముకుంటూ, నిచ్చెనని కావలించుకుని దిగాడు. నిచ్చెన మధ్యలో ఆగడానికి వేసిన మొదటి పలక దగ్గరికి చేరేసరికి అక్కడ బాబాయ్ రొప్పుతూ కూర్చునున్నాడు. ఆ మోకాళ్ళేసుకుని అంతెత్తు ఎలా ఎక్కాడో!

"నువ్వెందుకొచ్చావ్ బాబాయ్?"

"పైనుంచి లోకం ఎలా ఉంటుందో చూద్దామని. ఏం బాలేదు. పద."

ఎండదెబ్బ అని సూపర్‌వైజరుకి చెప్పాడు. ఇంట్లోనూ అదే చెప్పేవాడే. కానీ బాబాయ్ వదలకుండా ఇంటిదాకా వచ్చి, జరిగింది జరిగినట్టు అతని భార్యకి చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆమె కుట్టుమిషను ముందు కూర్చునుంది. చేతిలోని గుడ్డ మడత పెట్టింది, మళ్ళీ విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. తిట్టుంటే అతనికి కొంచెం ధైర్యంగా ఉండేది.

మర్నాడు పొద్దున్నే అతని మేనత్త దిగింది. తండ్రికి అక్క. పిలిపించింది భార్యేనని అతనికి అర్థమైంది. అత్త ముసలిదే గానీ మాట ఇంకా కత్తిలా ఉంటుంది. మంచం పట్టె మీద కూర్చుని, మేనల్లుడి మొహం గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది.

"పాలిపోయావు కదరా. ఏంటి బాధ?"

"ఏం లేదత్తా. గ్యాసు."

"మీ నాన్నా అదే అనేవాడు."

ఆ మాటతో అతని లోపలేదో తెగింది. "నాన్నకొచ్చిందే నాకూ వచ్చిందత్తా," అన్నాడు. "కడుపులో గడ్డ."

అత్త తెల్లబోయింది. "గడ్డా? ఎవరన్నార్రా గడ్డ అని?"

"అందరూ అన్నారు. నేను విన్నాను."

"చావింటికి పలకరింపుకొచ్చినవాళ్ళు తలో మాటా అంటారు. అందులో ఒకటి ఏరుకుని ఇన్నేళ్ళు మోశావా వెర్రినాయనా! మీ నాన్నకి గడ్డా లేదు, గిడ్డా లేదు. కడుపులో పుండు. నొప్పి, నొప్పి అంటూనే నెలల తరబడి తిరిగాడు. డాక్టరుకి చూపించుకోరా అని కాళ్ళావేళ్ళా పడ్డాను. వెళితే ఏదో ఒకటి అంటారక్కా, వినడం దేనికి, అనేవాడు. ఆఖరికి ఆ పుండు చిల్లుపడింది. అప్పుడు మోసుకెళ్ళాం. ముందే తెచ్చుంటే మందులతో పోయేదమ్మా అన్నాడు ఆ డాక్టరు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "వాడు రోగంతో పోలేదురా. భయంతో పోయాడు."

అతనికి ఉపశమనం కలగాలి నిజానికి. కలగలేదు. వంశంలో ఉన్నది గడ్డ కాదు, ఈ దాచుకోవడం అని తెలిసి ఇంకా భయమేసింది. మళ్ళీ, ఆయనది పుండైతే నాదీ పుండే అవ్వాలని ఎక్కడుంది? అదీ ఒక భయమే.

ఆ రోజే భార్య అతన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. పక్క వీధిలోనే ఇరుకు గది, రెగ్జిను చిరిగిన బల్ల, ఎప్పుడూ కొంచెం ఎక్కువే చూపించే బరువు యంత్రం. డాక్టరమ్మ ఏమిటి బాధ అనడిగితే, "మెడ నొప్పండీ," అన్నాడు.

"చల్లకొచ్చి ముంత దాచడమంటే ఇదే," అంది భార్య. "నిన్న క్రేను మీద పడిపోబోయిన సంగతి చెప్పండి."

చెప్పాడు. బిళ్ళల సంగతి చెప్పాడు. మంట సంగతి చెప్పాడు. డాక్టరమ్మ కళ్ళకింద రెప్ప లాగి చూసి, "విరేచనం ఏ రంగులో అవుతోంది?" అనడిగింది.

అతను భార్యవైపు చూడకుండా, నేలకేసి చూస్తూ, "నలుపు," అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"కొన్నాళ్ళనుంచి."

పక్క కుర్చీలో భార్య ఊపిరి ఆగడం అతనికి వినిపించింది. ఆమె చెయ్యి వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేంత గట్టిగా.

లోపల రక్తం కారుతోందని, ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయిందని, గుండెదడ, కళ్ళు తిరగడం అందుకేనని డాక్టరమ్మ చెప్పింది. పెద్దాస్పత్రికి రాసిచ్చింది. అక్కడ రక్తం ఎక్కించారు, నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూశారు. పుండు కనపడింది. కానీ దాని అంచునుంచి చిన్న ముక్క తీశామని, పరీక్షకి పంపిస్తామని, ఏమిటన్నది అది వచ్చాకే ఖాయంగా చెప్పగలమని అన్నారు.

ఆ ఎదురుచూపు రోజులే అన్నిటికన్నా భయంకరం. ఇంట్లో ఖాళీగా ఉండలేక, వదులైన తలుపు బందులు బిగించాడు. కారుతున్న కుళాయి మార్చాడు. కూతురి బల్ల కాలు సరిచేశాడు. ఊరికి పోయేవాడు ఇల్లు సర్దినట్టు సర్దుతున్నాడని భార్యకి అర్థమైంది. పానా చేతిలోంచి లాక్కుంది.

"ఆ బోల్టులు బిగించడం ఆపండి. ఇల్లు ఎక్కడికీ పోవట్లేదు. మీరూ పోవట్లేదు."

"నీకేం తెలుసు?"

"తెలీదు," అందామె. అని అక్కడే గడప మీద కూలబడి ఏడ్చింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి. అతను పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే దానికి భయపడుతున్నారని, విడివిడిగా భయపడ్డంకంటే ఇలా పక్కపక్కన కూర్చుని భయపడ్డమే కాస్త తేలికని అప్పుడు తెలిసింది.

ముక్క పరీక్షలో గడ్డ లేదని వచ్చింది.

డాక్టరమ్మ ఆ మాట చెప్పాక కూడా అతను అర్థంకానట్టు చూస్తూనే ఉన్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. పుండుకి సగం కారణం ఖాళీ కడుపు మీద మింగిన నొప్పి బిళ్ళలు. మిగతా సగం కడుపులో చేరిన ఒక సూక్ష్మజీవి. దానికి మందులున్నాయి, నయమవుతుంది. ఆ బిళ్ళలు మాత్రం ఇక ముట్టకూడదు.

"మరి కారం మానేస్తే సరిపోతుందాండీ?" అనడిగాడు.

"అందరూ కారాన్నే ఆడిపోసుకుంటారు. అది మంట పెంచుతుందేమో గానీ పుండు పెట్టదు. మందులు పుండు మాన్పుతాయి. కానీ మీ పేగులకి ఏళ్ళనుంచి వేళా పాళా లేదు. వేళకి కొంచెం కొంచెం తినండి. కూరగాయలు, పప్పులు, పళ్ళు, కాస్త పెరుగు. నీళ్ళు తాగండి. పేగుల్లో మనకి మేలుచేసే జీవులు కోట్లలో ఉంటాయి. మీరు పస్తుంటే వాటికీ పస్తే."

"నాకీ దడ, బెంగ... అదంతా నా పిచ్చేనాండీ?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎందుకవుతుంది? రక్తం తగ్గితే దడ నిజంగానే వస్తుంది. పైగా పొట్టకీ తలకీ మధ్య నరాలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు కబుర్లు మోస్తూనే ఉంటాయి. ఇక్కడ బాగోకపోతే అక్కడ తెలుస్తుంది. అక్కడ బాగోకపోతే ఇక్కడ తెలుస్తుంది. రెండిటినీ చూసుకోవాలి."

వినడానికి తేలికే. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ముద్ద ఎత్తడానికి చెయ్యి రాలేదు. తిన్న ప్రతిదాని తర్వాతా నొప్పి వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవాడు, కడుపులో దొంగ పడ్డట్టు. పేగు చిన్నగా గుర్రుమన్నా ఉలిక్కిపడేవాడు. భార్య ఎదురుగా కూర్చుని తనూ తినేది. అప్పుడు బయటపడిన ఇంకో సంగతేమిటంటే, మిషను ముందునుంచి లేవలేక ఆవిడ కూడా ఎన్నో ఏళ్ళుగా మధ్యాహ్నం భోజనం ఎగ్గొడుతోంది. "నాకు బుద్ధులు చెప్పిన గురువుగారి బండారం ఇదా!" అన్నాడతను. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో పడ్డ మొదటి నవ్వు అది.

కొన్ని వారాలు కిందే పని చేశాడు, బాబాయ్ పక్కన నిలబడి సైగలు నేర్చుకుంటూ. మంట తగ్గింది. మొహానికి రంగొచ్చింది. నిద్ర పట్టసాగింది. "నాన్న ఈమధ్య కసరట్లేదు, ఏమైనా అయిందా?" అని కూతురు తల్లిని అడిగింది. భయం మాత్రం పూర్తిగా పోలేదు. స్నానాలగది తలుపు తోసే ముందు రోజూ ఒక్క క్షణం ఆగేవాడు.

పైకెక్కే రోజు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం సంగతి చూశాక సూపర్‌వైజరుకీ గుండె జారింది. భోజనం వేళకి క్రేను ఆపి దిగిరమ్మని, నీళ్ళు తాగొద్దని ఎవడన్నాడని, అంతా తనకే తట్టినట్టు చెప్పాడు. అతను నిచ్చెనెక్కి కుర్చీలో కూర్చున్నాడు. లివర్ల మీద చేతులు పెట్టగానే ఆ చల్లటి చెమట మళ్ళీ పట్టింది. ఇదివరకైతే పళ్ళు బిగించేవాడే. ఈసారి వైర్‌లెస్ నొక్కాడు.

"బాబాయ్, భయమేస్తోంది."

సైటంతా వినపడుతుందని తెలుసు. అయినా అన్నాడు.

"నాకూ వేస్తోందిరా," అంది బాబాయ్ గొంతు. "నువ్వు పైనున్నావు, నేను నీ కిందున్నాను. కాసేపు ఆగి మొదలెడదాం."

ఆగారు. మొదట లేపాల్సిన ఇసక బకెట్టు కింద నేలమీద అలాగే ఉంది. చెమట ఆరింది. "లేపమంటావా?" అనడిగాడు. "లేపు," అన్నాడు బాబాయ్.

ఎండాకాలం పోయాక మళ్ళీ గొట్టం వేసి చూస్తామని పిలిచారు. పరగడుపున రమ్మన్నారు. ఆస్పత్రి వసారాలో బెంచీ మీద భార్య పక్కన కూర్చుంటే అరచేతులు తడిసిపోయాయి. ఒకవేళ మళ్ళీ ఉంటే? ఒకవేళ మొదటిసారి వాళ్ళు సరిగ్గా చూడకపోయుంటే? అన్నీ భార్యకి పైకే చెప్పాడు. ఆమె ఏ ఒక్కదానికీ సర్దిచెప్పలేదు, "ఊఁ," అంటూ వింది.

పుండు మానిపోయింది, మచ్చ మాత్రం ఉంది, అన్నారు.

బయటికి రాగానే కడుపులో ఏదో కదిలింది. అలవాటుకొద్దీ అతని చెయ్యి పొట్టమీదికి పోయింది. ఆగి, చెవి పెట్టి విన్నాడు. మంట కాదు. మెలి కాదు.

"ఏమైంది?" భార్య మొహం పాలిపోయింది.

"ఆకలే," అన్నాడు, తనకే నమ్మకం కుదరనట్టు. "ఉత్తి ఆకలే."

ఆమె సంచీలోంచి అన్నం డబ్బా తీసింది. మెట్ల మీదే కూర్చుని ఇద్దరూ తిన్నారు.